గనిదిబ్బల మీద పచ్చదనం: వేరుబూజు చరిత్ర

 

నేల రెండు విధాలుగా చెడుతుంది. మొదటిది మన చేతుల మీదుగా చెడేది. చౌడు పట్టిన మడి, వానకు కోసుకుపోయిన మెరక, ఏటేటా ఒకే పైరు వేసి నీరసించిపోయిన చేను ఈ కోవకు చెందినవి. వీటికి మందు మనకు తెలుసు. జిప్సం చల్లుతాము, గట్లు వేస్తాము, జీలుగ, జనుము దున్ని కలుపుతాము. రెండు మూడేళ్ళలో నేల తిరిగి మన మాట వింటుంది.

రెండవది గని త్రవ్వకం వల్ల చెడేది. ఇక్కడ నేల నీరసించడం కాదు, నేల అనేదే లేకుండా పోతుంది. బొగ్గు గాని, మాంగనీసు గాని, సున్నపురాయి గాని తీయవలెనంటే పైనున్న మట్టిని, దాని క్రింది మొరాన్ని, ఆ క్రింది రాతిని పెకలించి ప్రక్కన గుట్టగా పోస్తారు. మన తాతలు వందల ఏళ్ళు పేడ వేసి, ఆకు వేసి పెంచిన జానెడు పైమట్టి ఆ గుట్ట అడుగుకు పోతుంది. ఎన్నడూ ఎండ చూడని అడుగు రాయి పైకి వస్తుంది. తల క్రిందకు, కాళ్ళు పైకి పెట్టి నిలబెట్టిన మనిషి వంటిది ఆ గుట్ట.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నదని కనుగొన్నారు. 1889 నుంచి అక్కడ బొగ్గు తీయడం సాగింది. చాలా ఏళ్ళు భూమి లోపల సొరంగాలు త్రవ్వి తీశారు. తరువాత ఓపెన్‌కాస్టు పద్ధతి వచ్చింది. దానితో గోదావరి లోయలో మట్టి గుట్టలు లేచాయి. విజయనగరం ప్రాంతంలో 1892లోనే మాంగనీసు త్రవ్వకం మొదలయింది. గూడూరు వైపు అభ్రకం, మంగంపేటలో ముగ్గురాయి, పల్నాటిలో సున్నపురాయి ఉన్నాయి. గని ఉన్నచోటల్లా ఎవరో ఒకరి చేను ఉండేది. గని ముగిసిన తరువాత ఆ నేల ఏమి కావాలి అన్న ప్రశ్న అందుకే మన ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు ఒక్క రోజులో దొరకలేదు. నూట నలభై ఏళ్ళుగా అనేక దేశాలవారు వెతుకుతూ వచ్చారు. ఆ వెతుకులాట కథ తెలిస్తే, ఇప్పుడు మనం ఏమి అడగాలో, ఏమి చేయాలో స్పష్టమవుతుంది.

ఎరువు వేస్తే ఎందుకు చాలలేదు?

గనిదిబ్బను బాగుచేయబూనిన మొదటివారు మనలాగే ఆలోచించారు. నేలలో బలం లేదు గనుక ఎరువు వేస్తే చాలుననుకున్నారు. వేశారు. మొక్క ఒక కారు పచ్చగా ఉండి, మరుసటి ఏడు పసుపుపచ్చగా మారి చచ్చింది. ఎందుకు?

గనిదిబ్బలో లోపాలు ఒకటి కాదు. దానిలో సేంద్రియ పదార్థం ఉండదు గనుక వేసిన నత్రజని నిలవదు. రాతి ముక్కల మధ్య నుంచి నీరు జారిపోతుంది. కాకపోతే పెద్ద యంత్రాల బరువుకు నేల అణగి, వేరు దిగదు. బొగ్గుదిబ్బ నల్లగా ఉండడం వల్ల ఎండకు పైపొర పెనంలా కాలుతుంది. కొన్ని దిబ్బలలో గంధకపు ఇనుపరాయి ఉంటుంది. అది గాలి, నీరు తగిలితే గంధకామ్లంగా మారుతుంది. అప్పుడు నేల విపరీతంగా పులిసి, లోహాలు కరిగి, వేరును కాలుస్తాయి. కాలువలో నీరు ఎర్రబారుతుంది.

వీటన్నిటికీ తోడు, కంటికి కనబడని లోపం ఒకటి ఉన్నది. మంచి చేనులోని పిడికెడు మట్టిలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి. అడుగు నుంచి తీసిన రాతిపొడిలో అవి దాదాపు శూన్యం. అన్ని సరుకులూ ఉండి వండేవారు లేని ఇల్లు ఎట్లా ఉంటుందో, ఎరువు వేసిన గనిదిబ్బ అట్లా ఉంటుంది. ఆ వండేవారిలో ముఖ్యమైన వారెవరో మొదట తెలిసింది గనుల దగ్గర కాదు, అడవిలో.

1885: వేరుకు తొడిగిన బూజు

యూరపులో ట్రఫుల్ అనే ఒక పుట్టగొడుగు జాతి గడ్డ ఉన్నది. అది చెట్ల క్రింద నేల లోపల పుడుతుంది. ధనవంతుల భోజనంలో దానికి గొప్ప విలువ. దీనిని మన దేశంలో సాగు చేయవచ్చునా, చూడండి అని ప్రష్యా ప్రభుత్వపు వ్యవసాయశాఖ బెర్లిన్‌లోని ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి అడిగింది. ట్రఫుల్ సాగు మాట ఎట్లా ఉన్నా, ఆయన చెట్ల వేళ్ళు త్రవ్వి చూడగా ఒక వింత కనబడింది. ఓక్, బీచ్ మొదలైన చెట్ల సన్నని వేళ్ళ కొనలకు బూజు తొడుగులాగ పట్టి ఉన్నది. చెట్టు జబ్బుగా లేదు. పైగా ఆరోగ్యంగా ఉన్నది.

1885లో ఫ్రాంక్ ఈ సంగతి ప్రకటించి దానికి మైకోరైజా అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో మైకెస్ అంటే శిలీంధ్రం, రైజా అంటే వేరు. మనం వేరుబూజు అని పిలుచుకుందాం. ఈ బూజు చెట్టుకు దాదివంటిదని, నేలలోని నీటిని, ఆహారాన్ని తెచ్చి ఇస్తుందని ఆయన వాదించారు. ఆనాటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. బూజు అంటే తెగులే గదా అన్నారు. మన రైతులు కూడా ఇప్పుడు అదే అనుకుంటున్నారేమో! ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వేరుకుళ్ళు తెగులు వేరు, వేరుబూజు వేరు. ఒకటి దొంగ, రెండవది పాలికాపు. దొంగ వేరును తిని పోతాడు. పాలికాపు పనిచేసి తన పాలు తాను తీసుకుంటాడు. మొక్క ఆకులో తయారైన చక్కెరలో కొంత బూజుకు ఇస్తుంది. బూజు వేరు చేరలేని చోటినుంచి భాస్వరం, నీరు తెచ్చి ఇస్తుంది.

ఆ మరుసటి ఏడే, 1886లో, జర్మనీలోనే హెల్‌రీగెల్ అనే ఆయన పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలోని బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయని చూపించారు. వేరుకు ఉన్న ఇద్దరు పాలికాపుల సంగతి ఈ విధంగా రెండేళ్ళలో బయటపడింది. అయినా మొదటివాణ్ణి జనం చాలాకాలం మరచిపోయారు.

పిడికెడు అడవి మట్టి

మరచిపోయిన పాఠాన్ని ప్యూర్టోరీకో ద్వీపం గుర్తుచేసింది. అక్కడ పైన్ చెట్లు స్వతహాగా లేవు. 1930 దశకం నుంచి విత్తనం తెప్పించి నాటినా, మొలిచిన మొక్కలు గిడసబారి చచ్చిపోతూ వచ్చాయి. 1955లో అమెరికాలోని ఉత్తర కరోలినా పైన్ అడవుల నుంచి కొంత మట్టి తెచ్చి కొన్ని మొక్కల మొదళ్ళలో వేశారు. మట్టి అందిన మొక్కలు తేరుకుని లేచాయి. అందనివి అట్లాగే ఉండిపోయాయి. ఎరువు కాదు, నీరు కాదు, మట్టితో వచ్చిన బూజు మార్చింది వాటి గతి. పెరుగు తోడుకోవాలంటే చెంచాడు పాత పెరుగు కావాలి గదా! ఇది కూడా అంతే.

పెన్సిల్వేనియా నల్లదిబ్బలు

ఇప్పుడు గనుల దగ్గరికి వద్దాం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో గట్టిబొగ్గు గనులు ఉన్నాయి. బొగ్గు ఏరగా మిగిలిన నల్లని పొట్టు కొండలుగా పేరుకుపోయింది. ఏళ్ళు గడచినా వాటి మీద గడ్డిపోచ మొలవదు. కాని అక్కడక్కడ ఏ ఒక్క బర్చి మొక్కో, పైన్ మొక్కో బ్రతికి ఉండేది. వేలకొద్దీ విత్తనాలు గాలికి వచ్చి పడుతున్నప్పుడు ఈ ఒక్కటే ఎందుకు బ్రతికింది?

ష్రామ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ చిన్న ప్రశ్న పట్టుకుని ఏళ్ళ తరబడి ఆ దిబ్బల మీద తిరిగారు. ఆయన పరిశీలన 1966లో పుస్తకంగా వెలువడింది. సారాంశం ఇది. ఎండకు కాలక మిగిలిన మొలకలలో, మొదటి దశలోనే వేరుబూజు పట్టినవే బ్రతికాయి. బూజు పట్టనివి నత్రజని లేక పసుపుబారి పోయాయి. ఇక గాలినుంచి నత్రజని పట్టుకోగల మొక్కలు తమంతట తాము నిలువగలిగాయి. అంటే మొండిదిబ్బ మీద బ్రతకాలంటే మొక్కకు ఎవరో ఒక తోడు ఉండి తీరాలి.

బ్రతికిన చెట్ల దగ్గర తరచుగా కనబడినది ఒక బూజు. దాని కాయ ఎండిన పేడ ఉండలాగ ఉంటుంది. చిదిపితే గోధుమరంగు పొడి రాలుతుంది. రంగులు వేయడానికి పనికివచ్చేది గనుక శాస్త్రంలో దానికి పిసోలిథస్ టింక్టోరియస్ అని పేరు పెట్టారు. అది ఎండకు, పులిసిన నేలకు, కరవుకు ఓర్చుకుంటుంది. అమెరికా అటవీశాఖ పరిశోధకుడు డొనాల్డ్ మార్క్స్ 1970 దశకంలో జార్జియా రాష్ట్రంలో దీనిని పరిశోధనశాలలో పెంచి, నారుమడిలో పైన్ మొక్కల వేళ్ళకు పట్టించి, బొగ్గుదిబ్బల మీద నాటించారు. మామూలు నారుమడి మొక్కలకంటె ఇవి ఎక్కువ బ్రతికాయి, ఎక్కువ పెరిగాయి.

ఇందులో మనం పట్టుకోవలసిన కీలకం ఒకటి ఉన్నది. మామూలు నారుమడి మొక్కలకు కూడా వేరుబూజు ఉన్నది. కాని అది నీరు, ఎరువు పుష్కలంగా ఉన్న మడికి అలవాటుపడిన బూజు. మండే దిబ్బ మీద అది నిలువలేదు. మెట్టకు మెట్టవిత్తనం, పల్లానికి పల్లపువిత్తనం ఎట్లాగో, బూజు విషయంలో కూడా అట్లాగే. ఏ నేలలో పని చేయాలో ఆ నేలకు ఓర్చుకున్న బూజునే ఎంచుకోవాలి. రెండవ పాఠం, బూజును నారుమడిలోనే పట్టించాలి. మొక్కై వంగనిది మానై వంగదు.

పైరుల బూజు

పైన్ చెట్ల బూజు వేరుకు పైన తొడుగుతుంది. మన జొన్న, మొక్కజొన్న, కంది, వేరుశనగ, మిరప, వేప, కానుగలకు పట్టేది వేరొక రకం. ఇది వేరు లోపలికి దూరి, కణాలలో చిన్న చెట్టు కొమ్మల ఆకారంలో చీలి ఉంటుంది. బయటకు సన్నని దారాలు పంపుతుంది. కంటికి కనబడదు. లోకంలోని మొక్కల జాతులలో అధికభాగానికి ఇదే తోడు.

భాస్వరం నేలలో కదలదన్న సంగతి మీకు తెలిసినదే. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఉన్న భాస్వరం తీసుకున్న తరువాత ఆ చోటు ఖాళీ అవుతుంది. బూజు దారాలు ఆ ఖాళీని దాటి సెంటీమీటర్ల దూరం పోయి తెస్తాయి. అంతేకాదు, ఆ దారాలు మట్టి రేణువులను గుచ్చి బెల్లపు ఉండ కట్టినట్లు కడతాయి. మట్టి కట్టుకుంటేనే గాలి ఆడుతుంది, నీరు నిలుస్తుంది, వానకు కోత తగ్గుతుంది. గనిదిబ్బకు కావలసినది సరిగ్గా ఇదే.

ఈ బూజు పైరుకు మేలు చేస్తుందని ఇంగ్లండులో బార్బరా మోస్ అనే శాస్త్రవేత్త్రి 1950 దశకంలో ప్రయోగాలతో చూపారు. 1963లో గెర్డెమన్, నికల్సన్ అనే ఇద్దరు మట్టిని నీటిలో కలిపి సన్నని జల్లెడలలో వడకట్టి దీని బీజాలను వేరుచేసే పద్ధతి ప్రకటించారు. బియ్యంలో రాళ్ళు గాలించినంత సులువైన పని. అప్పటినుంచి ఏ నేలలో ఎన్ని బీజాలున్నవో లెక్క చూడడం సాధ్యమయింది. 1974లో స్కాట్లండు బొగ్గుదిబ్బల మీద, 1976లో పెన్సిల్వేనియా దిబ్బల మీద తమంతట మొలిచిన మొక్కల వేళ్ళు చూశారు. రెండుచోట్లా ఈ బూజు కనబడింది.

లోహపు నేలలో కూడా ఇదే కథ. జర్మనీలో ఆఖెన్ నగరం దగ్గర జింకు ఎక్కువగా ఉన్న నేలమీద పసుపు పువ్వు పూచే ఒక చిన్న వయోలా మొక్క బ్రతుకుతుంది. దాని వేళ్ళనుంచి తీసిన బూజును మొక్కజొన్నకు పట్టించగా, ఆ లోహపు మట్టిలో మొక్కజొన్న పెరిగింది. ఇది 1999 నాటి మాట.

వేల్స్ గడ్డి, ఒక ఊరి దుఃఖం

బూజుకు తోడు మొక్క కూడా సరైనది కావాలి. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో పాత సీసపు గనుల దిబ్బలు ఉన్నాయి. ఆంథొనీ బ్రాడ్‌షా అనే శాస్త్రజ్ఞుడు వాటిమీద పెరిగిన ఒక మామూలు పచ్చికగడ్డిని తీసి, మంచి బీడులోని అదే జాతి గడ్డితో కలిపి గని మట్టిలో పెంచి చూశారు. బీడు గడ్డి వేరు పెరగక ఆగిపోయింది. గని గడ్డి పెరిగింది. చూడడానికి రెండూ ఒకటే. కాని దిబ్బ మీద పడిన వేలకొద్దీ విత్తనాలలో విషానికి ఓర్చుకున్న ఏ కొన్నో మిగిలి, వాటి సంతతి అక్కడ నిలిచింది. 1952లో ఇది ప్రకటించారు. తరువాత సీసం, జింకు, రాగి దిబ్బలకు పనికివచ్చే మూడు గడ్డి రకాలు విత్తనంగా మార్కెట్టుకు వచ్చాయి. మెర్లిన్, గోగినన్, పారిస్ అని వాటి పేర్లు. చివరి రెండూ గనుల పేర్లే.

అయినా దిబ్బల సంగతి ప్రభుత్వాలకు పట్టింది ఒక ఘోరం జరిగిన తరువాతే. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్ గ్రామంలో కొండపై పోసిన బొగ్గుగని దిబ్బ వాన నీటికి జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. ఆ దిబ్బ ఊటనీటి మీద పోసినది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, పునాది తప్పిన గుట్టను గడ్డి గాని, చెట్టు గాని, బూజు గాని ఆపలేవు. మొదట వాలు సరిచేయాలి, నీటిదారి చూపాలి. ఆ తరువాతనే మొక్క. 1969లో బ్రిటన్ దిబ్బల భద్రతకు చట్టం చేసింది. 1977లో అమెరికా చేసిన చట్టం ఇంకొక అడుగు వేసి, బొగ్గు తీయబోయే ముందు పైమట్టిని విడిగా తీసి కాపాడి, తిరిగి పరచవలెనని విధించింది.

సరుగుడు, రోకలిబండ

మన కోస్తా రైతులకు చిరపరిచితమైన చెట్టు చేసిన పని ఒకటి చెబుతాను. ఆఫ్రికాలో కెన్యా దేశపు మొంబాసా దగ్గర బంబూరి సిమెంటు ఫ్యాక్టరీ సున్నపురాయి త్రవ్వగా పెద్ద గొయ్యి మిగిలింది. అడుగున మట్టి లేదు, ఉప్పునీటి చెమ్మ ఉన్నది. 1971లో రెనే హాలర్ అనే వ్యవసాయ నిపుణుడు అక్కడ 26 రకాల చెట్లు నాటి చూశారు. మూడే బ్రతికాయి. వాటిలో ముఖ్యమైనది సరుగుడు. సరుగుడు వేళ్ళకు కూడా నత్రజని పట్టే బుడిపెలు ఉంటాయి. అందుకే అది రాతిపై పెరిగింది.

కాని రాలిన సరుగుడు పుల్లాకు కుళ్ళలేదు. కుళ్ళకపోతే మట్టి ఎట్లా అవుతుంది? మన పొలాల్లో వానాకాలం కనబడే రోకలిబండల వంటి ఎర్రకాళ్ళ పురుగులు ఆ ఆకు తింటున్నాయని హాలర్ గమనించి, వాటిని ఏరితెచ్చి తోటలో వదిలారు. అవి తిని విసర్జించినది నల్లని మట్టి అయింది. ఆ మట్టిలో వేరే చెట్లు మొలిచాయి, పక్షులు వచ్చాయి. ఆ గొయ్యి ఇప్పుడు జనం చూడబోయే వనం. చెట్టు, వేరులోని సూక్ష్మజీవి, ఆకును కుళ్ళబెట్టే పురుగు ఒక జట్టు. ఒకటి తప్పినా బండి కదలదు.

మన దేశంలో జరిగినది

మన దేశంలో ముందు కదిలినది డెహ్రాడూన్ లోయ. ముస్సోరీ కొండలను సున్నపురాయి కోసం త్రవ్వగా ఊటలు ఎండిపోయి, రాళ్ళు పొలాలపైకి జారాయి. ప్రజలు న్యాయస్థానానికి వెళ్ళగా 1985లో సుప్రీంకోర్టు అనేక గనులను మూయించింది. 1982లో ఏర్పడిన పర్యావరణ ప్రాదేశిక సైనికదళం, అంటే పింఛను పుచ్చుకున్న సిపాయిలు, ఆ కొండలకు తిరిగి గడ్డి, చెట్లు నాటారు.

వేరుబూజును గనిదిబ్బపై పనికి పెట్టినవారు నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వారు. నాగపూరు దగ్గర గుమ్‌గావ్ మాంగనీసు గని దిబ్బల మీద వారు నాలుగు పనులు కలిపి చేశారు. మొదటిది, చక్కెర మిల్లులో రసం వడకట్టగా మిగిలే మడ్డిని దిబ్బకు చేర్చడం. రెండవది, బుడిపెల బాక్టీరియాను, నేలలో విడిగా నత్రజని పట్టే బాక్టీరియాను కలపడం. మూడవది, వేరుబూజు పట్టించిన మొక్కలను నాటడం. నాలుగవది, ఆ చోటికి తగిన చెట్లను ఎంచడం. ఏ ఒక్కటీ కొత్తది కాదు. నాలుగూ ఒక్కచోట చేయడమే కొత్త.

ఇదే పద్ధతిని 10 హెక్టార్ల బొగ్గుగని దిబ్బపై చేసి 2008లో ఫలితాలు ప్రకటించారు. అక్కడ సేంద్రియ పదార్థంగా ఫ్యాక్టరీ మురుగునీరు శుద్ధిచేయగా మిగిలిన మడ్డిని హెక్టారుకు 50 టన్నులు వేశారు. మొదట దిబ్బలో దాదాపు లేని బాక్టీరియాలు, బూజు బీజాలు బాగా వృద్ధి అయ్యాయి. క్రోమియం, జింకు, రాగి, సీసం మొదలైన లోహాల తీవ్రత 34 నుంచి 43 శాతం వరకు తగ్గింది. మడ్డి క్షారగుణం వల్ల, సేంద్రియ పదార్థం వల్ల లోహాలు కదలకుండా కట్టుబడడం దీనికి కారణం. ఇక్కడ జాగ్రత్తగా వినండి. లోహం మాయం కాలేదు, కట్టుబడింది, అంతే.

ఈ చరిత్రనుంచి మనం నేర్చుకునేవి

మొదటిది పైమట్టి. ఇన్ని దేశాలవారు ఇంత కష్టపడి దిబ్బకు తిరిగి ఇచ్చినదంతా ఆ జానెడు పైమట్టిలో మొదటే ఉన్నది. బూజు, బాక్టీరియా, విత్తనం, సేంద్రియ పదార్థం అన్నీ అందులోనే. దానిని ముందు పారబోసి తరువాత పాకెట్లు కొనడం ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వినట్లే. బొగ్గు కాక ఇతర ఖనిజాల గనులలో పైమట్టిని విడిగా తీసి, వీలైనంత త్వరగా వాడాలని, వెంటనే వాడలేకపోతే విడిగా నిలువ చేయాలని 1988 నాటి ఖనిజ సంరక్షణ నియమాలే చెప్పాయి. 2017లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి. బొగ్గు గనులకు మూసివేత ప్రణాళిక తప్పదని 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు, గని పని ముగిసిన నేలలో పశుగ్రాసం, చెట్టూచేమా పెరిగేటట్లు తిరిగి గడ్డి పెంచాలన్న షరతును గని లీజులలో చేర్చమని కేంద్రాన్ని ఆదేశించింది. కావున గ్రామసభలో, ప్రజాభిప్రాయ సేకరణ సభలో లేచి అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: పైమట్టి ఎక్కడ పోస్తున్నారు? ఎప్పుడు పరుస్తారు?

ఎప్పుడు అన్నది కూడా ముఖ్యమే. ఈ బూజు జీవించి ఉన్న వేరు మీదనే పెరుగుతుంది. తేమగల మట్టిని గుట్టవేసి ఏళ్ళ తరబడి ఉంచితే, వేరు దొరకక బూజు క్రమంగా నశిస్తుందని అమెరికాలో 1985లో ప్రకటించిన పరిశోధన చూపింది. కావున గుట్ట తక్కువ ఎత్తుగా ఉండాలి. దానిమీద గడ్డి, జనుము, వెంపలి, జీలుగ వంటివి పెరగనివ్వాలి.

రెండవది నారు. గనిదిబ్బకు పోయే మొక్కలకు నారుమడిలోనే బూజు పట్టించాలి. బూజును రైతులు, స్వయం సహాయక సంఘాలవారు కూడా పెంచుకోవచ్చు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పద్ధతి ఇది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు గుంట తీసి నల్ల పాలిథీన్ పరచాలి. 50 కిలోల వర్మిక్యులైటు, 5 కిలోల శుద్ధిచేసిన మట్టి కలిపి 20 సెంటీమీటర్ల మందం నింపాలి. పైనుంచి 2 నుంచి 5 సెంటీమీటర్ల లోతున ఒక కిలో తల్లి బూజు పరచి, మొక్కజొన్న విత్తాలి. 60 రోజులకు పైరు కోసి, వేళ్ళు ముక్కలుచేసి అదే మట్టిలో కలిపితే సుమారు 55 కిలోల బూజుమట్టి తయారవుతుంది. పాలిథీన్ సంచిలోని నారుమొక్కకు 5 నుంచి 10 గ్రాములు, నాటేటప్పుడు గుంటకు 20 గ్రాములు చాలు. వేరుకు తగిలేటట్లు వేయాలి. పైన చల్లితే ఫలం లేదు. నారుమడిలో సూపర్ ఎక్కువ వేయకండి. భాస్వరం చేతికందితే మొక్క పాలికాపును రానివ్వదు.

మూడవది వరస. మొదట మట్టి పరీక్ష. పులుపు ఉంటే సున్నం. తరువాత పశువుల ఎరువు గాని, చెరువు మట్టి గాని, చక్కెర మిల్లు మడ్డి గాని. ఆపైన మొదటి ఏడు గడ్డి, జనుము, వెంపలి, స్టైలో. అవి నిలదొక్కుకున్న తరువాత, తొలకరిలో కానుగ, నల్లతుమ్మ, సిస్సూ, వెదురు, వేప. చుట్టుప్రక్కల దిబ్బలమీద తమంతట మొలిచి బ్రతుకుతున్న మొక్క ఏదైనా ఉంటే దానిని ముందు గమనించండి. ష్రామ్, బ్రాడ్‌షా చేసినది అదే. ఆవ, ముల్లంగి, క్యాబేజీ జాతికి ఈ బూజు పట్టదు గనుక బూజు పెంచే ఉద్దేశంతో వాటిని వేయవద్దు.

నాలుగవది హద్దు. వేరుబూజు పేరు చెప్పి, ఒక పాకెట్టు చల్లితే బండరాయి పండుతుందని అమ్మేవారు రావచ్చు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవారిని నమ్మకండి. సేంద్రియ పదార్థం లేనిచోట, నేల అణగి గట్టిపడినచోట, పులుపు తగ్గించనిచోట బూజు ఒక్కటే ఏమీ చేయలేదు. లోహాలున్న గనిదిబ్బపై పెరిగిన గడ్డిని, ఆకుకూరను పరీక్ష చేయించనిదే పశువుకు గాని, పిల్లలకు గాని పెట్టవద్దు. కట్టుబడిన లోహం కొంత ఆకులోకి రావచ్చు. అటువంటిచోట మొదట కలప, వెదురు, నీడచెట్లు మంచివి. దిబ్బనుంచి వాననీరు చేలోకి దిగేచోట గట్టు, దానివెంట గడ్డిపట్టీ తప్పక ఉండాలి.

విస్తరణోద్యోగులకు ఒక మాట. గనికి పోబోయే నేలలో త్రవ్వకానికి ముందే పైమట్టి లోతు, రకం, సేంద్రియ పదార్థం పరీక్ష చేయించి ఒక కాగితం మీద ఉంచండి. పదేళ్ళ తరువాత నేల తిరిగి ఇచ్చినప్పుడు, ముందు ఎట్లా ఉండేదో చెప్పే సాక్ష్యం అదొక్కటే. రైతు నోటిమాటకు బలం రావాలంటే ఆ కాగితం ఉండాలి.

గనిలోనుంచి తీసిన బొగ్గు ఒక్కసారి మండి బూడిద అవుతుంది. దానిపైనున్న మట్టి ఏటేటా పండుతుంది. ఒక్కసారి దొరికేదాని కోసం ఏటేటా దొరికేదాన్ని పోగొట్టుకోకూడదు. పోగొట్టుకున్నచోట తిరిగి తెచ్చుకునే దారి ఉన్నది. ఆ దారి వేళ్ళలో ఉన్నది, వేళ్ళకు తోడైన బూజులో ఉన్నది, ఓపికలో ఉన్నది. మీ ప్రాంతపు నేలకు ఏ మొక్క, ఏ మోతాదు సరిపోతుందో మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి తెలుసుకోండి. మట్టి నమూనా వెంట తీసుకుని వెళ్ళండి.